రాతి పగుళ్ళ లెక్క: కుందూ లోయ నుంచి నల్లమల దాకా భ్రంశాలు, రాతి కీళ్ళు, చరియల జారుడు

నిర్వచనం

ఆనకట్ట, సొరంగం, కాలువ, ఘాట్ రోడ్డు, గని. వీటిలో ఏది కట్టాలన్నా, తవ్వాలన్నా అది దేని మీద నిలబడుతుందో, దేని గుండా పోతుందో ముందే చూసి చెప్పే శాస్త్రం ఇంజనీరింగ్ భూవిజ్ఞానం. రాయి గట్టిదా మెత్తదా అన్నది ఈ శాస్త్రంలో మొదటి ప్రశ్న కాదు. రాయి ఎక్కడ, ఏ దిక్కుకు, ఎంత వాలుతో పగిలి ఉంది, ఆ పగుల్లో ఏం నిండి ఉంది అన్నవే అసలు ప్రశ్నలు. గుప్పెడంత క్వార్ట్‌జైట్ ముక్కను సుత్తితో పగలగొట్టడానికి చెమటలు పడతాయి. అదే క్వార్ట్‌జైట్ కొండ ఒక్క వానకు రోడ్డు మీదికి దిగవచ్చు. ముక్క బలానికీ కొండ బలానికీ మధ్య ఉన్న ఈ తేడాను కొలవడమే ఈ వ్యాసంలో చెప్పుకునే పరిశోధన.

పగులుకు రెండు వైపులా ఉన్న రాయి పక్కకు జరగకుండా ఊరికే విడివడితే అది రాతి కీలు. ఇంజనీర్లు జాయింటు అంటారు. ఒక పక్క రాయి రెండో పక్క రాయిని ఒరుసుకుంటూ జరిగి ఉంటే అది భ్రంశం. పనిచోట అందరి నోటా ఫాల్టు. వాలు మీద ఉన్న రాయి గానీ మట్టి గానీ తన బరువుకు తానే కిందికి రావడం చరియల జారుడు. మొదటి రెండూ ఉన్న చోటనే మూడోది ఎక్కువగా జరుగుతుంది కాబట్టి మూడింటినీ కలిపి చదవడం ఆనవాయితీ.

ప్రదేశం: ఎర్రమల, కుందూ, నల్లమల

ఈ విషయాన్ని చదువుకోవడానికి నంద్యాల జిల్లా కంటే మంచి పాఠశాల తెలుగునాట అరుదు. ఉయ్యాలవాడలో నిలబడితే చుట్టూ నల్లరేగడి మైదానమే. పడమట ఎర్రమల కొండలు బల్లపరుపుగా, పైభాగం చదును చేసినట్టు ఉంటాయి. తూర్పున ఆళ్ళగడ్డ దాటగానే నల్లమల గోడలా లేస్తుంది. రెండింటి నడుమ పల్లంలో కుందూ నది ప్రవహిస్తుంది. ఈ మూడు దృశ్యాలకూ కింద మూడు రకాల రాతి అమరిక ఉంది.

ఇదంతా కడప బేసిన్ అనే ప్రాచీన అవక్షేప హరివాణంలో భాగం. నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ హరివాణంలో పై దొంతరను కర్నూలు గ్రూపు అంటారు. దాని పొరల పేర్లు వింటే ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టుంటుంది. అడుగు నుంచి పైకి వరుసగా బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. ఏ ఊరి దగ్గర ఏ రాయి బాగా కనిపించిందో ఆ ఊరి పేరే పెట్టడం భూవిజ్ఞానంలో పద్ధతి. ఉయ్యాలవాడ పొలాల రేగడి కింద ఉన్నవి ఈ వరుసలో చివరి రెండు.

పడమటి వైపు ఈ పొరలు దాదాపు పడుకోబెట్టినట్టు సమంగా ఉంటాయి. తూర్పుకు, నల్లమల వైపు పోయేకొద్దీ మడతలు పడతాయి, నిలువెత్తుకు తిరుగుతాయి, కొన్ని చోట్ల తలకిందులవుతాయి. ఒకే జిల్లాలో యాభై అరవై కిలోమీటర్ల దూరంలో పరిశోధన పద్ధతే మారిపోవడానికి కారణం ఇదే.

చరిత్ర

ఈ సీమ రాళ్ళను మొదటిసారి క్రమపద్ధతిలో వర్ణించినవాడు విలియం కింగ్. 1851లో ఏర్పడిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తరఫున అతడు కడప, కర్నూలు శిలా సముదాయాల మీద రాసిన గ్రంథం 1872లో వెలువడింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బెలుం గుహల ఉనికిని నమోదు చేశాడు. అప్పట్లో ఆసక్తి ఖనిజాల మీద, వజ్రాల మీద, గుహల్లో దొరికే ఎముకల మీద ఉండేది. పగుళ్ళ మీద ఎవరి చూపూ పడలేదు.

పగుళ్ళను లెక్కలోకి తెచ్చినవి ప్రమాదాలే. 1928 మార్చి 12 అర్ధరాత్రి కాలిఫోర్నియాలో సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట కూలింది. ఒక గట్టున పాత చరియ జారిన రాయి, రెండో గట్టున భ్రంశం ఉన్నాయి. 1959 డిసెంబరు 2న ఫ్రాన్సులో మాల్పాసే ఆనకట్ట కూలి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. అక్కడ కాంక్రీటులో లోపం లేదు. పునాది రాయిలో ఒక భ్రంశమూ రాతి పొరల పగుళ్ళూ కలిసి ముక్కోణపు దిమ్మను విడదీశాయి, నీటి ఒత్తిడి దాన్ని పైకి నెట్టింది. 1963 అక్టోబరు 9న ఇటలీలో వయోంట్ జలాశయంలోకి 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ జారింది. ఆనకట్ట చెక్కుచెదరలేదు. దాని మీదుగా దూకిన కెరటం దిగువ ఊళ్ళను తుడిచిపెట్టి, సుమారు రెండు వేల మందిని బలితీసుకుంది. సున్నపురాయి పొరల మధ్య ఉన్న పలుచని బంకమట్టి దీనికి మూలమని తరవాత తేలింది.

ఈ దుర్ఘటనల నడుమే రాతి యాంత్రికశాస్త్రం ఒక శాఖగా రూపుదిద్దుకుంది. 1962లో లియోపోల్డ్ ముల్లర్ చొరవతో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. టెర్జాగీ 1946లోనే సొరంగం పైకప్పు మీద పడే రాతి భారాన్ని తరగతులుగా విభజించాడు. ఆపైన 1964లో డీర్ ఆర్‌క్యూడీ, 1973లో బెనియావ్‌స్కీ ఆర్‌ఎంఆర్, 1974లో బార్టన్ బృందం క్యూ పద్ధతి వచ్చాయి (వీటి వివరాలకు చూ. పరిశోధన విధానాలు). ఆర్‌ఎంఆర్, క్యూ పద్ధతులు రెండూ ఇవాళ భారత ప్రమాణం ఐఎస్ 13365లో భాగం.

రాతి కీళ్ళు

కీళ్ళు ఏమిటో పుస్తకం తెరవకుండా తెలుసుకోవాలంటే బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల్లోని నాపరాళ్ళ గనికి పోవాలి. గనిలో దిగిన మనిషి ముందు బండ అంచు చూస్తాడు. పొరకూ పొరకూ నడుమ సన్నని గీత ఉంటుంది. అక్కడ ఉలి దూర్చి సుత్తితో వరుసగా కొడుతూ పోతే గీత కొంచెం కొంచెంగా నోరు తెరుస్తుంది. తరవాత గునపం వేసి ఎత్తితే పలక లేస్తుంది. ఆ పలకకు నాలుగు పక్కలా అంచులు ఎవరు కోశారు? చాలావరకు నిలువు కీళ్ళే కోసి పెట్టాయి. కీళ్ళు దూరదూరంగా ఉన్న గనిలో గదికి సరిపడే పెద్ద బండలు వస్తాయి. దగ్గర దగ్గరగా ఉన్న గనిలో తీసినదానికంటే పారబోసిందే ఎక్కువ. గనుల పక్కన గుట్టలుగా కనిపించే రాతి ముక్కల్లో చాలావరకు ఆ లెక్కే. గనివాడికి నష్టం తెచ్చే ఈ దగ్గరి కీళ్ళే సొరంగం తవ్వేవాడికీ గండం.

పడుకున్న పొరలకు కీళ్ళు సాధారణంగా రెండు జట్లుగా, ఒకదానికొకటి దాదాపు లంబంగా ఏర్పడతాయి. పొరల తలాలతో కలిపితే మూడు దిక్కుల కోతలు. అంటే కొండ మొత్తం పేర్చిన ఇటుకల దొంతర లాంటిది, ఇటుకల నడుమ సున్నం లేదు అంతే. పడమటి ఎర్రమలలోనూ, జమ్మలమడుగు దగ్గర గండికోట లోయలోనూ ఇదే బొమ్మ. పెన్న కోసిన గండికోట లోయ గోడలు నిటారుగా, ఎవరో కట్టినట్టు నిలబడడానికీ, ఆ గోడల అడుగున గది అంతేసి దిమ్మలు చిందరవందరగా పడి ఉండడానికీ కారణం ఆ నిలువు కీళ్ళే.

సున్నపురాయిలో కీళ్ళకు ఇంకో గుణం ఉంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు కీలు వెంట దిగుతూ రాయిని కరిగిస్తుంది. వెంట్రుకవాసి సందు కాలక్రమేణా మనిషి నడిచేంత దారి అవుతుంది. నార్జి సున్నపురాయిలోని బెలుం గుహలు ఇట్లా పుట్టినవే. 1982, 83లలో డానియెల్ గెబావర్ బృందం సర్వే చేసిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. లోపలి దారులు చాలా చోట్ల తిన్నగా పోయి ఉన్నట్టుండి మలుపు తిరగడం చూసినవారికి కీళ్ళ జట్లు ఏ దిక్కున ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు. యాత్రికుడికి గుహ అందంగా ఉంటుంది. అదే రాయి మీద జలాశయం కట్టే ఇంజనీరుకు ప్రతి కీలూ నీళ్ళు కారే తూము. కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో 2015 భారీ వర్షాల తరవాత పొలాల్లో నేల ఒక్కసారిగా గుంతలుగా కుంగిన సంఘటన కూడా సున్నపురాయి నేలల స్వభావానికి సంబంధించిందే.

*కీలును వర్ణించడం.* 1978లో అంతర్జాతీయ రాతి యాంత్రికశాస్త్ర సంఘం సూచించిన పద్ధతి ప్రకారం ఒక కీలు గురించి పది సంగతులు రాసుకోవాలి. అది ఏ దిక్కుకు ఎంత వాలింది, పక్క కీలు ఎంత దూరంలో ఉంది, ఎంత పొడవున సాగింది, దాని ముఖం గరుకా నునుపా, ముఖంపై రాయి ఎంత గట్టిగా మిగిలింది, సందు వెడల్పు ఎంత, అందులో ఏం నిండింది, నీరు కారుతోందా, అట్లాంటి జట్లు ఎన్ని, వాటి వల్ల ఏర్పడిన దిమ్మ ఎంత పెద్దది. భారత ప్రమాణం ఐఎస్ 11315 కూడా ఈ బాటలోనే నడుస్తుంది.

పదింటిలో గరుకుతనం, నిండిన పదార్థం అన్నవి ప్రాణం తీసే రెండు. గరుకు ముఖాలు ఒకదానిలో ఒకటి పళ్ళచక్రాల్లా దిగి జారనివ్వవు. బార్టన్, చౌబే 1977లో ఈ గరుకుతనానికి 0 నుంచి 20 వరకు అంకెలు ఇచ్చారు. కానీ నడుమ అర అంగుళం బంకమట్టి చేరితే గరుకు పళ్ళు ఒకదాన్నొకటి తాకనే తాకవు. అప్పుడు బలం రాతిది కాదు, మట్టిది.

భ్రంశాలు

భ్రంశం ఒక గీత కాదు, ఒక పట్టీ. రెండు పక్కల రాయి జరిగినప్పుడు మధ్యది నలుగుతుంది. అంచుల్లో పగుళ్ళు చిక్కబడతాయి, లోపలికి పోతే రాయి ముక్కలు చెక్కలవుతుంది, నడిమధ్యన పిండిలాంటి బంకమన్ను ఉంటుంది. ఈ పట్టీ వెడల్పు వేలెడు నుంచి వందల మీటర్ల వరకు ఉండవచ్చు. కుళాయి తిప్పినట్టు నీళ్ళు పారే భ్రంశాలూ ఉన్నాయి, నడిమి బంకమన్ను అడ్డుపడి ఒక పక్క నీటిని రెండో పక్కకు పోనీయని భ్రంశాలూ ఉన్నాయి. రెండో రకమే మరింత మోసకారి. సొరంగం ఆ మట్టిగోడను పొడిచిన క్షణంలో వెనక నిలిచి ఉన్న నీరంతా ఒక్కుమ్మడిగా వస్తుంది.

కదలిక తీరును బట్టి భ్రంశాలు మూడు రకాలు. నేల సాగదీయబడిన చోట పై దిమ్మ కిందికి జారితే సాధారణ భ్రంశం. ఒత్తిడికి పై దిమ్మ పైకెక్కితే విలోమ భ్రంశం, దాని వాలు తక్కువైతే థ్రస్టు. పక్కపక్కన జరిగితే అడ్డ భ్రంశం. పొలంలో గుర్తులు ఇవి: పొరల వరుస ఉన్నట్టుండి తెగిపోవడం, రాతి ముఖం మీద అద్దంలాంటి నునుపు, దానిపై ఒకే దిక్కు గీతలు, ఊటలు ఒక వరుసలో ఉండడం, వాగు కారణం లేకుండా తిన్నగా పోవడం.

*గని–కాల్వ భ్రంశం.* నంద్యాల జిల్లాలో అందరికంటే ఎక్కువ రాతలు రాయించుకున్న భ్రంశం ఇది. గడివేముల దగ్గరి గని ఊరి పేరు మీద పిలుస్తారు. కోన, ఆత్మకూరు భ్రంశాలు కూడా ఈ ప్రాంతపు పటాల్లో కనిపిస్తాయి.

*రుద్రవరం రేఖ.* ఆళ్ళగడ్డకు ఉత్తరాన, నల్లమల పాదంలోని రుద్రవరం పేరు ప్రపంచ భూవిజ్ఞాన పత్రికల్లో కనిపించడానికి కారణం ఈ రేఖ. మడతలు పడ్డ నల్లమల రాళ్ళు పడమటి వైపున్న రాళ్ళ మీదికి నెట్టుకొచ్చిన సరిహద్దు ఇది. దీని దక్షిణ భాగాన్ని మైదుకూరు థ్రస్టుగా కూడా వ్యవహరిస్తారు. ఈ సరిహద్దు పొడవునా రాయి నలిగి, షేలు నునుపుతేలి, పొరలు నిక్కబొడుచుకుని ఉంటాయి. కొండల మీద పగుళ్ళలోకి దిగిన వాన నీరు ఇట్లాంటి కొండపాదాల దగ్గరే ఊటలుగా బయటపడుతుంది.

*అవుకు సొరంగాలు.* గాలేరు–నగరి సుజల స్రవంతి వరద కాలువ గోరుకల్లు నుంచి అవుకు జలాశయానికి చేరేముందు కొండను దాటాలి. ఒక్కొక్కటి పది వేల క్యూసెక్కుల చొప్పున జంట సొరంగాలు తలపెట్టారు. కొండ లోపల పని ఫాల్టు జోన్ దగ్గర ఆగిపోయింది. తవ్విన కొద్దీ పైకప్పు మట్టిపెళ్ళలుగా రాలడం మొదలైంది. మిగతా కిలోమీటర్లన్నీ పూర్తయినా ఈ కొద్ది మీటర్లే ఏళ్ళకు ఏళ్ళు పట్టాయి. మొదటి సొరంగంలో ఆ చోటును తప్పించి పక్కనుంచి మళ్ళింపు సొరంగాలు తొలిచి నీళ్ళు పంపారు. రెండో సొరంగం 2023 నవంబరులో ప్రారంభమైంది. జిల్లాలో దినపత్రిక చదివే ప్రతివాడికీ "ఫాల్ట్ జోన్" అన్న మాట పరిచయమైంది ఈ సొరంగాల పుణ్యమా అనే.

*శ్రీశైలం ఎడమగట్టు సొరంగం.* ఎస్‌ఎల్‌బీసీ అని పిలిచే ఈ సొరంగం నల్లమల కింద సుమారు 44 కిలోమీటర్లు పోవాలి. పైన పులుల అభయారణ్యం ఉండడంతో నడుమ నుంచి దిగే అడ్డదారులు లేకుండా రెండు చివరల నుంచే యంత్రాలతో తవ్వకం సాగింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, నీరూ బురదా ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి సైన్యం, విపత్తు దళాలు, సింగరేణి బృందాలు, కేరళ నుంచి తెచ్చిన జాగిలాలు వెతికినా రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. లోపల ఉన్నది నలిగిన రాతి పట్టీ, దాని వెనక నీరు. పైనుంచి బోరు వేసి చూసే వీలులేని చోట ముందున్నదేమిటో తెలుసుకోవడం ఎంత కష్టమో, తెలుసుకోకుండా పోవడం ఎంత ప్రమాదమో ఈ సంఘటన చూపింది. ఇదే నల్లమలను ఇంకో చోట తొలిచిన వెలిగొండ జంట సొరంగాలు, ఒక్కొక్కటి 19 కిలోమీటర్లకు కాస్త తక్కువ, పూర్తయ్యాయి. కొండ ఒకటే, రాతి అమరిక మాత్రం ప్రతి కిలోమీటరుకూ వేరు.

*భ్రంశాలు, భూకంపాలు.* ఈ సీమ భ్రంశాల్లో అత్యధికం కోట్ల ఏళ్ళ కిందటే నిద్రపోయినవి. భూకంప పటంలో ఈ ప్రాంతాన్ని తక్కువ ముప్పు ఉన్న రెండో జోనులో చేర్చారు. అయినా 1967 మార్చిలో ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్‌లో భద్రాచలంలో 5.7 తీవ్రతతో వచ్చిన కంపనాలు దక్కన్ నేల పూర్తిగా నిశ్చలం కాదని తెలిపాయి. ఇంజనీరుకు నిద్రపోయిన భ్రంశమైనా భ్రంశమే. అది కదలనవసరం లేదు, నలిగి ఉంటే చాలు.

చరియల జారుడు

రాతి వాలు నాలుగు విధాలుగా చెడుతుంది. ఒకే తలం మీద దిమ్మ జారితే తల జారుడు. రెండు కీళ్ళు కలిసే గాడి వెంట ముక్కోణపు దిమ్మ జారితే కత్తెర జారుడు. నిలువు పలకలు పుస్తకాల్లా బయటికి ఒరిగితే పల్టీ. కీళ్ళు లెక్కలేనన్ని ఉండి కొండ మట్టిలా ప్రవర్తిస్తే గుండ్రటి జారుడు.

తల జారుడుకు మూడు షరతులు. జారే తలం వాలు ముఖంలో బయటపడి ఉండాలి, దాని దిక్కు వాలు దిక్కుకు ఇరవై డిగ్రీల లోపు తేడాలో ఉండాలి, దాని వాలు ఘర్షణ కోణం కంటే ఎక్కువ ఉండాలి. చిన్న లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. 25 డిగ్రీల వాలున్న క్వార్ట్‌జైట్ పొర మీద ఒక దిమ్మ ఉందనుకుందాం. పొడిగా ఉన్నప్పుడు ఘర్షణ కోణం 35 డిగ్రీలైతే భద్రతా గుణకం 1.5, దిమ్మ నిలబడుతుంది. వానకు వెనక కీళ్ళు నిండి నీటి ఒత్తిడి దిమ్మ బరువులో పొరను అదిమే పాలులో సగాన్ని మోసేసిందంటే గుణకం 0.75, జారుతుంది. నీరే లేకపోయినా పొరల నడుమ షేలు మెత్తబడి ఘర్షణ కోణం 20 డిగ్రీలకు పడితే గుణకం 0.78, అప్పుడూ జారుతుంది. ఒకటికి తక్కువైతే కొండ ఆగదు. వాన నీరు కొండను బరువెక్కించి జార్చుతుందన్న నమ్మకం పాక్షిక సత్యమే. ఎక్కువ పని చేసేది కీలు లోపలి నీటి ఒత్తిడి.

ఎర్రమలలో వ్యవహారం వేరు. అక్కడ పైన గట్టి పాణ్యం క్వార్ట్‌జైట్, కింద మెత్తని అవుకు షేలు. పొరలు సమంగా ఉన్నాయి కాబట్టి జారడానికి వాలు లేదు. కానీ షేలు గాలికీ వానకూ రాలి లోపలికి తినిపోతుంది, పై బండ చూరులా బయటికి మిగులుతుంది. ఒకనాడు వెనకనున్న నిలువు కీలు దగ్గర తెగి కింద పడుతుంది. కొండ అంచులు నిలువుగా ఉండి, పాదంలో దిమ్మల రాశి ఉండే ఆ ఆకారం ఈ తరహా రాలుడుకు సంతకం.

అహోబిలంలో నల్లమల క్వార్ట్‌జైట్‌ను దగ్గరగా చూడవచ్చు. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వెంట పైకి నడిచే భక్తులు గుండ్ల మీద గుండ్లు దాటుకుంటూ పోతారు. ఆ గుండ్లన్నీ ఒకప్పుడు పై గోడలోవే. జ్వాలా నరసింహుడి గుడి మీద చూరులా వంగిన కొండ, దాని పైన నిటారుగా చీలినట్టు నిలిచిన ఉగ్రస్తంభం. నరసింహస్వామి వెలసిన స్తంభంగా భక్తులు కొలిచే ఆ శిలను భూవిజ్ఞానపరంగా చూస్తే, నిలువు కీళ్ళు గోడ నుంచి వేరుచేసిన క్వార్ట్‌జైట్ దిమ్మ. నమ్మకానికీ శాస్త్రానికీ ఇక్కడ తగువేమీ లేదు. శిల చీలి ఉందన్న మాట ఇద్దరూ ఒప్పుకుంటారు.

తెలుగునాట మిగతా చోట్ల కూడా ఇదే కథ రాళ్ళు మార్చుకుని నడుస్తుంది. తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద 2021 డిసెంబరు 1న భారీ వానల తరవాత బండలు దొర్లి రోడ్డును చీల్చాయి. అక్కడ పైన నగరి క్వార్ట్‌జైట్, కింద ప్రాచీన గ్రానైటు; రెండింటి నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ళ ఎడం. విజయవాడలో 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండ విరిగింది. రెండోసారి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. అది ఖొండలైటు, పైకి రాయిలా ఉంటూ లోపల మట్టిగా మారే గుణం కలది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గానికి ప్రతి వానాకాలమూ ఇదే బెడద.

*రేగడి గట్లు.* ఉయ్యాలవాడ మైదానంలో కొండే లేదు కాబట్టి చరియలు లేవనుకుంటే పొరపాటు. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు చేయి దూరేంత నెర్రెలిస్తుంది. కాలువ గట్టు కోసినప్పుడు బాగానే నిలుస్తుంది. కొన్ని సీజన్లు ఉబ్బి, ఎండి, బలం సడలి, ఒక వానకు చెంచాతో తీసినట్టు గుండ్రంగా జారుతుంది. కాలువ లైనింగు పలకలు పైకి లేచి విరగడం కూడా ఈ ఉబ్బు వల్లనే. దీనికి మందును బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి రూపొందించాడు. రేగడికీ లైనింగుకూ నడుమ ఉబ్బని జిగురు మట్టిని ఒక పొరగా వేయాలి. ఆ పద్ధతి ఐఎస్ 9451గా ప్రమాణమైంది.

పరిశోధన విధానాలు

పని ఆకాశం నుంచి మొదలై నేల లోపలికి పోతుంది. ఉపగ్రహ చిత్రాల్లో తిన్నటి గీతలు వెతుకుతారు. వాగుల వరుస, చెట్ల వరుస, కొండ అంచుల తెగుడు భ్రంశాన్ని పట్టిస్తాయి. గీత కనిపించిందంటే భ్రంశం ఉన్నట్టు కాదు. పాత బండ్ల బాట కూడా గీతే. అందుకే రెండో అడుగు కాలినడక.

పొలంలో భూవిజ్ఞాని దిక్సూచిని రాతి ముఖానికి ఆనించి రెండు అంకెలు రాసుకుంటాడు. 120/35 అంటే పొర 120 డిగ్రీల దిక్కుకు 35 డిగ్రీల వాలుతో దిగుతోందని. వాలు ముఖం మీద టేపు పరిచి దాన్ని ఖండించే ప్రతి కీలునూ కొలుస్తారు. ఇట్లా వందల అంకెలను స్టీరియోనెట్ అనే గుండ్రటి పటం మీద చుక్కలుగా పెడితే గుంపులు గుంపులుగా కూడుకుంటాయి. ఒక్కో గుంపు ఒక్కో కీళ్ళ జట్టు. ఏ జట్టు ఏ వాలును జార్చగలదో ఆ పటమే చెబుతుంది. మనిషి ఎక్కలేని గోడలను ఇప్పుడు డ్రోన్లు కొలుస్తున్నాయి. కానీ పగులులో వేలు పెట్టి బంకమట్టిని నలిపి చూడడం డ్రోనుకు చేతకాదు.

తరవాత బోరు. వజ్రపు పళ్ళున్న బిట్టుతో రాతిని స్తంభంలా కోసి పెట్టెల్లో వరుసగా పేరుస్తారు. ఒకటిన్నర మీటరు తవ్వితే అందులో పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కల పొడవు కలిపి 90 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే ఆర్‌క్యూడీ 60 శాతం, మధ్యస్థ రాయి. పెట్టెలో ముక్కలు లేకుండా ఖాళీ ఉన్న చోటే అనుభవజ్ఞుడు ఎక్కువ సేపు చూస్తాడు. కోర్ రాలేదంటే అక్కడ నలిగిన పట్టీ ఉండవచ్చు, గుహ ఉండవచ్చు. అదే బోరులో నీటిని ఒత్తిడితో పంపి ఎంత పీల్చుకుందో చూడడం లూజాన్ పరీక్ష. పది బార్ల ఒత్తిడికి మీటరు పొడవున నిమిషానికి ఒక లీటరు పోతే ఒక లూజాన్. సున్నపురాయి మీద కట్టే జలాశయానికి, పాణ్యం దగ్గరి పిన్నాపురం తరహా పంప్డ్ స్టోరేజీ పథకాలకు ఇది ఆయువుపట్టు పరీక్ష.

భూభౌతిక సర్వేలు బోర్ల మధ్య ఖాళీని నింపుతాయి. నలిగిన రాయిలో కంపన తరంగాలు నెమ్మదిగా పోతాయి, తడి బంకమట్టిలో విద్యుత్తు సులువుగా పోతుంది. సొరంగంలో తవ్వకం ముఖం నుంచే ముందుకు ఇరవై ముప్పై మీటర్ల బోరు వేసి చూడడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. దానికోసం పని ఆపాలి. గడువు తరుముతున్న చోట మొదట కోతపడేది దీనికే.

ఆర్‌ఎంఆర్, క్యూ పద్ధతులు ఈ కొలతలన్నిటినీ ఒక అంకెగా కుదించి రాతికి తరగతి ఇస్తాయి. ఆ తరగతిని బట్టి ఎన్ని బోల్టులు, ఎంత మందం కాంక్రీటు అన్నది నిర్ణయమవుతుంది. సౌకర్యమే. అయితే 55 అన్న అంకె వెనక ఒక్క మట్టి పట్టీ దాక్కుని ఉండవచ్చు. సగటు దాన్ని మింగేస్తుంది.

చికిత్స, పర్యవేక్షణ

రాయిని మార్చలేరు, నీటిని మళ్ళించగలరు. అందుకే వాలులోకి కాస్త పైకి వాల్చి తొలిచిన నీటి బెజ్జాలు అన్నిటికంటే చవక, చాలాసార్లు అన్నిటికంటే ఫలితమిచ్చేవి. వాటి తరవాత ఉక్కు బోల్టులు, తీగల వల, తుపాకీతో చిమ్మే షాట్‌క్రీటు, ప్రమాదకరమైన దిమ్మలను ముందే దించేయడం. ఆనకట్ట పునాదిలో నలిగిన పట్టీ కనబడితే పన్ను పుచ్చును తోడినట్టు తోడి కాంక్రీటు నింపుతారు. దాన్ని దంత చికిత్స అనే పిలుస్తారు. సొరంగంలో భ్రంశం ఎదురైతే పైకప్పు చుట్టూ గొట్టాలను గొడుగులా ముందుకు గుచ్చి, సిమెంటు పాలో రసాయన నురుగో పంపి గట్టిపరచి, ఆ గొడుగు కింద మీటరు మీటరుగా తవ్వుతారు.

శ్రీశైలం ఆనకట్టది ప్రత్యేకమైన సమస్య. 145 మీటర్ల ఎత్తు, 512 మీటర్ల పొడవు ఉన్న ఈ కట్టడం క్వార్ట్‌జైట్, షేలు పొరల మీద నిలిచింది. పన్నెండు గేట్ల నుంచి దూకే నీరు దిగువ మడుగులో కీళ్ళలోకి ఒత్తిడిని దూర్చి రాతి దిమ్మలను పెళ్ళగిస్తుంది. 2009 అక్టోబరు వరదలో జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. ఆ మడుగు లోతు, దాని మరమ్మతు అప్పటి నుంచీ నిపుణుల కమిటీల ముందు నలుగుతున్న అంశం.

పర్యవేక్షణలో కొత్తదీ పాతదీ పక్కపక్కనే పనిచేస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి అదే నేలను రాడార్‌తో చూసి సెంటీమీటర్ల కదలికను పట్టగలదు. బోరులో దించిన ఇంక్లినోమీటరు కొండ ఏ లోతులో ఒరుగుతోందో చెబుతుంది. ఇక ఘాట్ రోడ్డు గోడ మీదా, ఆనకట్ట గ్యాలరీ లోపలా చీలికకు అడ్డంగా సిమెంటుతో అంటించిన సన్నని గాజు పలక ఉంటుంది. పక్కన పెయింటుతో తేదీ రాసి ఉంటుంది. తనిఖీకి వచ్చిన మనిషి టార్చి వేసి చూస్తాడు. గాజు పగిలి ఉంటే ఆ తేదీ తరవాత ఎప్పుడో రాయి కదిలింది.